కొబ్బరి కాళ్లు నాక్కుంటున్న చప్పుడు

రాత్రి రెండింటికి ఇల్లంతా సద్దుమణిగాక మా మంచం పక్క నుంచి ఒక చప్పుడు మొదలవుతుంది. చప్.. చప్.. చప్. నీళ్లు తాగే చప్పుడు కాదు, అంతకన్నా మెల్లగా, తెంపు లేకుండా వస్తుంది. మా కుక్క కొబ్బరి ముందుకాలి వేళ్ల సందుల్లో నాక్కుంటోందని అర్థం. అది వినగానే నాకు నిద్ర తేలిపోతుంది. లేచి లైటు వేసి, కిందకి వంగి, దాని పాదం చేతిలోకి తీసుకుని వేళ్లు విడదీసి చూస్తాను. తెల్లబొచ్చు మధ్య చర్మం లేత గులాబీ రంగులో ఉంటే పరవాలేదు, పొద్దున చూద్దాం అనుకుని పడుకుంటాను. ఎర్రగా, తడిగా ఉండి పులిసిన పిండి వాసన వస్తే మాత్రం ఇంకో రెండు వారాలు మాకు పని పడినట్టే.

కొబ్బరి మా వెస్టీ. పూర్తి పేరు వెస్ట్ హైలాండ్ వైట్ టెర్రియర్. ఏడేళ్ల ఆడకుక్క, ఎనిమిది కిలోలు, భుజం దాకా కొలిస్తే అడుగుకి కాస్త తక్కువ. మాది అమలాపురం దగ్గర పల్లె, ఇప్పుడు ఉండేది స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో. పిల్లగా ఉన్నప్పుడు వీడియో కాల్‌లో చూపిస్తే "కొబ్బరి కోరు ముద్దలా ఉందే" అంది మా అమ్మ, ఆ పేరే ఉండిపోయింది. తర్వాత అమ్మ ఇక్కడికి వచ్చి చేత్తో నిమిరి చూసి, పేరు సరిగ్గానే కుదిరిందంది. ఎందుకంటే వెస్టీ బొచ్చు రెండు పొరలు. పైది రెండంగుళాల పొడవున, గరుగ్గా, అచ్చం కొబ్బరి పీచులా ఉంటుంది. అడుగున ఉండేది దూదిలా మెత్తగా, దట్టంగా ఉంటుంది.

పార్కులో మన తెలుగువాళ్లు ఎదురైతే తప్పకుండా ఆగుతారు. "అబ్బ ఎంత ముద్దుగా ఉందో, మా పిల్లలు కూడా ఇలాంటిదే కావాలంటున్నారు, ఎక్కడ తీసుకున్నారు?" అని అడుగుతారు. నిజమే, ముద్దుగానే ఉంటుంది. నల్లటి ముక్కు, నల్లటి గుండ్రటి కళ్లు, తెల్లటి మొహం, షాపులో గాజు తలుపు వెనక పెట్టిన బొమ్మలా ఉంటుంది. కానీ అది బొమ్మ కాదు, వేటకుక్క. ఈ ఒక్కటి మనసులో పెట్టుకుంటే దాని అల్లరి మొత్తం అర్థమవుతుంది, పెట్టుకోకపోతే ఏడాది తిరక్కుండానే "ఇది మాట వినదు, అరుస్తుంది, తోట తవ్వేస్తుంది" అని ఎవరికో ఇచ్చేస్తారు. అలా ఇచ్చేసినవాళ్లని చూశాను కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

టెర్రియర్ అన్న మాటకి మూలం లాటిన్‌లోని టెర్రా, అంటే నేల. నేలలోకి దూరి వేటాడేది అని. స్కాట్లాండ్ పడమటి తీరంలో ఆర్గైల్ అని ఒక ప్రాంతం ఉంది, కొండలు, రాళ్లగుట్టలు, సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన పాయలు. అక్కడ నక్కల్ని, చేపలు తినే నీటికుక్కల్ని రాళ్ల సందుల్లోంచి బయటికి తరమడానికి పెంచిన పొట్టి టెర్రియర్లలోంచి వచ్చినవే ఈ వెస్టీలు. ఒకప్పుడు తెల్లపిల్ల పుడితే బలం లేనిదనుకుని పక్కన పెట్టేసేవారు. పోల్టాలక్ ఎస్టేట్‌కి చెందిన కర్నల్ ఎడ్వర్డ్ డొనాల్డ్ మాల్కం ఆ అలవాటుని తిరగేశారు. వేటలో పొదలోంచి బయటికొచ్చిన తన ఎర్రగోధుమ రంగు టెర్రియర్‌ని నక్క అనుకుని ఆయనే కాల్చేశారని, ఆ బాధతో ఇకమీదట దూరం నుంచి కూడా తెలిసిపోయే తెల్లవాటినే పెంచాలని నిర్ణయించుకున్నారని ఇక్కడ చెప్పుకునే కథ. 1907లో కుక్కజాతుల్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ దీన్ని విడిజాతిగా గుర్తించింది, అదే ఏడు క్రఫ్ట్స్ అనే కుక్కల ప్రదర్శనలోకి కూడా వచ్చింది.

రెండేళ్ల కిందట కొబ్బరిని ఆ ఊళ్ల వైపు తీసుకెళ్లాం. గ్లాస్గో నుంచి లాక్ లోమండ్ సరస్సు పక్కగా, ఇన్‌వరేరీ మీదుగా వెళ్తే కిల్‌మార్టిన్ లోయ వస్తుంది, పోల్టాలక్ ఆ పక్కనే. లోయలో నాలుగైదు వేల ఏళ్ల నాటి సమాధులు వరసగా ఉంటాయి, గుండ్రాళ్లు కుప్పపోసి కట్టినవి. ఇలాంటి రాళ్లకుప్పనే ఇక్కడివాళ్లు కెయిర్న్ అంటారు, వెస్టీకి తోబుట్టువు లాంటి కెయిర్న్ టెర్రియర్‌కి ఆ పేరు దాన్నుంచే వచ్చింది. గొర్రెలు మేసే చోటు కాబట్టి పట్టీ వదల్లేదు. అప్పటిదాకా కార్లో నిద్రపోయిన కొబ్బరి ఆ రాళ్లు చూడగానే మారిపోయింది. ముక్కు రెండు రాళ్ల సందులో పెట్టి గట్టిగా గాలి పీల్చింది, వదిలింది, మళ్లీ పీల్చింది. తోక నిటారుగా లేచి సన్నగా వణుకుతోంది. ముందుకాళ్లతో తవ్వబోతే పట్టి ఆపాను, అవి రక్షిత కట్టడాలు మరి. గ్లాస్గో నగరంలో పెరిగిన కుక్క, ఎవరూ నేర్పలేదు, పుట్టాక ఒక్క నక్కని కూడా దగ్గర్నుంచి చూడలేదు. అయినా ఏ సందులో ఏం ఉండొచ్చో దానికి తెలుసు. ఆ రోజు దాన్ని చూస్తుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ తోక గురించి కూడా చెప్పాలి. అయిదారంగుళాలే ఉంటుంది, మొదట్లో లావుగా, చివర సన్నగా, అచ్చం క్యారెట్‌లా. కలుగులో ఇరుక్కుపోతే తోక మొదలు పట్టుకుని బయటికి లాగడానికి పనికొచ్చేలా అంత బలంగా ఉంటుందట. ఇప్పుడు ఎవరూ లాగొద్దు, పిల్లలకి ముందే చెప్పండి.

ఇక మాట వినకపోవడం. లాబ్రడార్‌లాంటి కుక్క వేటగాడి పక్కనే నడుస్తూ, మాటిమాటికీ మొహంలోకి చూస్తూ, చెప్పింది చేస్తుంది. టెర్రియర్ పని అది కాదు. కలుగులోకి దూరాక యజమాని కనిపించడు, పిలుపు వినిపించదు, చీకట్లో ఎదురుగా నక్క పళ్లు చూపిస్తుంటుంది. ముందుకెళ్లాలా, వెనక్కి రావాలా, ఎక్కడ తవ్వాలి, అన్నీ అదొక్కటే తేల్చుకోవాలి. తరతరాలుగా సొంత నిర్ణయాలు తీసుకోగలిగినవే బతికాయి. అలాంటిదాన్ని "కూర్చో" అనగానే కూర్చోమంటే ఒక్క క్షణం ఆగి మనవైపు చూసి, కూర్చోవడం వల్ల తనకేం లాభమో ఆలోచిస్తుంది. దాన్ని మొండితనం అంటారు, నేను తెలివి అంటాను. అరుపు కూడా అంతే. కుక్క నేల లోపల ఎక్కడుందో పైన ఉన్న మనిషికి తెలిసేది అరుపు వల్లే, అక్కడ తవ్వి తీసేవాళ్లు. అంటే అరవని టెర్రియర్ ఒకప్పుడు పనికిమాలిన టెర్రియర్. మన ఇంట్లో పోస్ట్‌మ్యాన్ వచ్చినప్పుడు అరిస్తే తిట్టడం వల్ల ఏమీ ఒరగదు, మనం కూడా దాంతో కలిసి అరుస్తున్నామనుకుంటుంది.

దీనికి మా అమ్మ కనిపెట్టిన ఉపాయమే మాకు బాగా పనిచేసింది. తలుపు దగ్గర చిన్న డబ్బాలో దాని గింజల తిండి పెట్టింది, బెల్ మోగగానే "ఏవే కొబ్బరీ, ఇలా రావే" అంటూ వంటగది వైపు నేలమీద గుప్పెడు చల్లేది. ముక్కుతో వెతుక్కుంటూ తినడం అరవడం కన్నా దానికి పెద్ద సరదా. మూడు వారాలకి బెల్ మోగితే రెండు అరుపులు అరిచి తనే వంటగదిలోకి పరిగెత్తడం మొదలుపెట్టింది. ఆ రెండు అరుపులూ దాని హక్కు, వాటి జోలికి నేను వెళ్లను. కొట్టడం, గట్టిగా కసరడం మాత్రం అస్సలు వద్దు, వెస్టీ అది మర్చిపోదు.

తవ్వడానికి పెరట్లో ఒక మూల ఇసుక పోసి అందులో బొమ్మలు పాతిపెడతాం. రోజుకి మొత్తం ఒక గంట నడక, అందులో సగం మాకిష్టమైన చోట కాదు, దానికి వాసన చూడాలనిపించిన చోట. వాన పడి బయటికెళ్లడం కుదరని రోజు, ఇక్కడ అలాంటి రోజులకి కొదవలేదు కదా, పాత తువ్వాలులో గింజలు చుట్టి ముడులేసి ఇస్తే ఇరవై నిమిషాలు ఊపిరి సలపని పని. పార్కులో పది మీటర్ల పొడవు తాడు వాడతాను. ఉడతో కుందేలో కదిలితే దాని చెవులు మూసుకుపోతాయి, పేరు పెట్టి పిలిచినా, చికెన్ ముక్క చూపించినా లాభం లేదు. రోడ్డు పక్క పట్టీ విప్పడం అనేది మా ఇంట్లో లేదు. హామ్‌స్టర్లు, కుందేళ్లు పెంచే ఇల్లయితే వెస్టీ ఆలోచన మానుకోండి.

బొచ్చు సంగతి. దువ్వితే సరిపోదు, పాతబడ్డ పైబొచ్చుని వేళ్లతో లాగెయ్యాలి, ఇక్కడ హ్యాండ్ స్ట్రిప్పింగ్ అంటారు. వినడానికి భయంగా ఉంటుంది కానీ పండిన వెంట్రుక దానంతటదే ఊడి వస్తుంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య నాలుగైదు వెంట్రుకలు పట్టుకుని, అవి పెరిగిన దిశలోనే చిన్నగా లాగాలి. కొబ్బరి దానికి కళ్లు మూసుకుని నిద్రపోతుంది. అలా చేస్తేనే మళ్లీ పీచులా గరుకు బొచ్చు వస్తుంది, బురద ఎండగానే రాలిపోతుంది, వాన లోపలికి దిగదు. దానికి ఏడాది నిండినప్పుడు ఒక గ్రూమర్ దగ్గరికి తీసుకెళ్లాను. మెషీన్ వద్దు, చేత్తోనే చెయ్యమని రెండుసార్లు చెప్పాను. సాయంత్రం వెళ్లేసరికి మెషీన్‌తో నున్నగా గొరిగేసి ఉంది. ఆ తర్వాత పెరిగిన బొచ్చు ఉన్నిలా మెత్తగా వచ్చింది, ప్రతి చుక్క బురదా పట్టుకునేది, నడకకి వెళ్లొచ్చాక ఆరబెట్టడానికే అరగంట. చాలా బాధపడ్డాను. అప్పటి నుంచి ఆ పని నేనే నేర్చుకుని నేనే చేస్తున్నాను. అయితే ఒక్కమాట, చర్మం ఎర్రగా, పుండుగా ఉన్నప్పుడు చేత్తో లాగకూడదు, నొప్పి పెడుతుంది. అలాంటప్పుడు మెషీనే నయం, బొచ్చు కన్నా చర్మం ముఖ్యం.

వెస్టీని పెంచడంలో అసలు కష్టమంతా ఆ చర్మమే. ఇంట్లో దుమ్ములో ఉండే కంటికి కనిపించని పురుగులు, గడ్డి పుప్పొడి, బూజు, ఇలాంటివాటికి ఒళ్లు అతిగా స్పందించడం, అటోపిక్ డెర్మటైటిస్ అంటారు, ఈ జాతిలో చాలా ఎక్కువ. ఆరు నెలల నుంచి మూడేళ్ల వయసు మధ్యలో మొదలవుతుంది. కొబ్బరికి రెండో ఏడు వేసవిలో మొదలైంది. ముందు కాళ్లు నాక్కోవడం, లాలాజలంలో ఉండే పార్ఫిరిన్లనే రంగు పదార్థాల వల్ల పాదాల దగ్గర తెల్లబొచ్చు ఇటుక రంగుకి తిరగడం. నేను ఎర్రమట్టి అనుకుని కడిగాను. తర్వాత చంకలు, పొట్ట, చెవుల లోపల. చెవిలో గోధుమరంగు జిగురు, తల విదిలించడం, సోఫాకి మొహం రుద్దడం. అప్పటికి గానీ నాకు విషయం తలకెక్కలేదు.

ఇది ఒక్క రక్తపరీక్షతో తేలేది కాదు. మిగతావన్నీ కావని తేల్చుకుంటూ రావాలి. ముందు ఒంటిమీద గోమార్ల లాంటి పురుగులు లేవని చూస్తారు, తర్వాత బ్యాక్టీరియా, ఈస్ట్ ఇన్‌ఫెక్షన్లు తగ్గిస్తారు, తర్వాత తిండి వల్ల కాదని తేల్చడానికి ఎనిమిది వారాలు పరీక్ష. అంటే అది ఎప్పుడూ తినని మాంసమో, ప్రొటీన్‌ని ముక్కలుముక్కలు చేసి తయారుచేసిన ప్రత్యేకమైన తిండో, అదొక్కటే పెట్టాలి, ఇంకేదీ నోట్లోకి పోకూడదు. మా ఇంట్లో ఆరో వారంలో మా పాప జాలిపడి తన బిస్కెట్లో సగం పెట్టేసింది. లెక్క మళ్లీ మొదటి రోజుకి. పాపని ఏమీ అనలేదు, కానీ ఆ రోజు ఫ్రిజ్ మీద పెద్ద అక్షరాలతో కాగితం అంటించాం, ఇంటికొచ్చిన చుట్టాలందరూ ముందు దాన్ని చదివి లోపలికి రావాలి. చివరికి తిండి వల్ల కాదని, దుమ్ము, గడ్డి పుప్పొడి వల్లేనని తేలింది.

ఇది తగ్గిపోయే జబ్బు కాదు, అదుపులో పెట్టుకునే జబ్బు. దురద తగ్గించే మందులు ఇప్పుడు మంచివి వచ్చాయి, రోజూ ఇచ్చే మాత్ర ఉంది, కొన్ని వారాలకోసారి వేసే ఇంజెక్షన్ ఉంది, ఏది సరిపడుతుందో డాక్టరే చెప్పాలి. కొబ్బరికి ఇంజెక్షన్ పడింది. ఇంట్లో మేం చేసేది ఇంతే. నడక నుంచి రాగానే గోరువెచ్చటి నీళ్లతో నాలుగు పాదాలూ, పొట్టా తుడిచి, వేళ్ల సందుల్లో తడి లేకుండా ఒత్తి ఆరబెడతాం. దాని పక్కబట్టలు వారానికోసారి అరవై డిగ్రీల వేడినీళ్లలో ఉతుకుతాం. క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములు చంపే మందున్న షాంపూ రాస్తే పది నిమిషాలు ఒంటిమీద ఉండనివ్వాలి, వెంటనే కడిగేస్తే డబ్బు దండగ. ఆ పది నిమిషాలు నేను స్నానాలగది నేలమీద కూర్చుని దాని తల నా మోకాలి మీద పెట్టుకుని కబుర్లు చెబుతాను. చల్లగా తడిసి, సగం చిక్కిపోయినట్టు కనిపిస్తూ, నల్లటి కళ్లతో నన్నే చూస్తూ ఉంటుంది. ఎప్పుడూ విదిలించుకుని పారిపోలేదు.

మన వంటిళ్లకి సంబంధించి ఒక ముఖ్యమైన సంగతి. ఉల్లిపాయ, వెల్లుల్లి ఏ కుక్కకీ పెట్టకూడదు, రక్తకణాలు దెబ్బతింటాయి. మన పప్పులో, కూరలో, పచ్చడిలో అవి లేనిదేది? ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీలకి ప్రమాదం, కొద్దిగా అయినా సరే. పండగ రోజు పరమాన్నం గిన్నె అడుగున మిగిలింది నాకిద్దామని ఎవరికైనా ప్రేమగానే అనిపిస్తుంది, అందులో కిస్‌మిస్ ఉంటాయి. అమ్మకి ఇది చెప్పినప్పుడు భయపడిపోయింది, ఊళ్లో కుక్కలకి ఎన్నిసార్లు పెట్టానో అని. ఇప్పుడు అమ్మ వస్తే తాలింపు వెయ్యని పెరుగన్నం రెండు చెంచాలు, అంతే. అది కూడా బరువు చూసుకుని. ఈ సైజు కుక్కకి ఒక కిలో పెరిగితే మనకి ఎనిమిది, పది కిలోలు పెరిగినట్టు.

మిగతా జబ్బుల్లో మూడు తెలిసుండాలి. మూడు నుంచి ఎనిమిది నెలల పిల్ల నోరు తెరవడానికి ఏడుస్తుంటే, దవడ వాచినట్టుంటే, అది పళ్లు రావడం అనుకోకండి, దవడ ఎముక అతిగా పెరిగే జబ్బు ఒకటి వెస్టీల్లో ఉంది. నొప్పికి మందులిస్తారు, చాలావాటికి పెరుగుదల ఆగేసరికి సర్దుకుంటుంది. కళ్లలో నీరు తగ్గి, జిగురుగా పుసులు కడుతుంటే కంటినీటి పరీక్ష చేయించాలి, ఒక చిన్న కాగితం ముక్కతో నిమిషంలో అయిపోతుంది. మూడోది ఊపిరితిత్తులది. ముసలి వెస్టీల్లో ఊపిరితిత్తులు మెల్లగా గట్టిపడిపోతాయి, వెస్టీ లంగ్ అంటారు. మా వీధి చివర ఒక పెద్దావిడ దగ్గర పదమూడేళ్ల మగ వెస్టీ ఉండేది. గోడ పక్కన నిలబడి ఆయాసపడుతుంటే దగ్గరకెళ్లి చెవి పెట్టాను, వెల్‌క్రో పట్టీ మెల్లగా విప్పుతున్నట్టు చిటపటలాడింది లోపల. దానికి నయం చేసే మందు లేదు. ఆవిడ దాన్ని ఎత్తుకుని పార్కు బెంచీ దాకా తీసుకొచ్చి గాలి తగిలేలా కూర్చోబెట్టేది, ఆఖరి నెలంతా. అప్పటి నుంచి కొబ్బరి మెడకి బెల్టు మీద పట్టీ తగిలించడం మానేశాను, ఛాతీకి వేసే హార్నెస్సే. గొంతు మీద ఒత్తిడి పడదు.

తీసుకోవాలనుకుంటే పిల్లని తల్లితో కలిపి, అది పుట్టిన ఇంట్లోనే చూడండి. తల్లి పాదాలు ఎత్తి చూడండి, ఇటుక రంగు మరకలున్నాయేమో, చెవి వాసన చూడండి, తండ్రికి దురద ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. ఎనిమిది వారాలు నిండకుండా ఇస్తానంటే వెనక్కి తిరిగి వచ్చేయండి. ఇన్సూరెన్స్ మొదటి వారంలోనే తీసుకోండి, ఒకసారి చర్మం సమస్య రికార్డుల్లోకి ఎక్కాక దానికి చాలా కంపెనీలు డబ్బివ్వవు. ఇంకో దారి, పెద్ద వెస్టీని, వదిలేసిన కుక్కల్ని సాకే రెస్క్యూ వాళ్ల దగ్గర తీసుకోవడం. అప్పటికి దాని చర్మం ఎలాంటిదో, దాని బుద్ధి ఎలాంటిదో ముందే తెలుస్తుంది. మళ్లీ తీసుకోవాల్సి వస్తే నేను అదే చేస్తాను.

ఈ వారం ఇక్కడ గడ్డి పూతకొచ్చింది. నిన్న రాత్రి చప్పుడు మొదలైంది, లేచి చూశాను, ఎడమ ముందుకాలు, మూడో వేలి పక్కన కాస్త ఎర్రదనం, వాసన ఇంకా లేదు. తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టి, నా చేతిలోనే పాదం పెట్టుకుని కూర్చుంటే కాసేపటికి నిద్రపోయింది. ఇంజెక్షన్ గురువారం.